5 డిగ్రీల లంబసింగికీ మైనస్ 8 కేదార్‌కంఠకీ ఒకే స్లీపింగ్ బ్యాగ్ సరిపోతుందా?

కొత్తబాట (విశాఖపట్నం) రాశారు:

అందరికీ నమస్కారం. స్లీపింగ్ బ్యాగ్ కొనాలి, సలహా చెప్పండి. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 78 కిలోలు, పక్కకి తిరిగి పడుకునే అలవాటు. డిసెంబర్, జనవరిలో లంబసింగి, వంజంగి, అరకు వైపు టెంటు వేస్తాం. జనవరి చివర్లో కేదార్‌కంఠ (ఉత్తరాఖండ్‌లో మంచు శిఖరం ట్రెక్) అనుకుంటున్నాం. బడ్జెట్ 8,000, తప్పదంటే 10,000. మా ఆవిడకీ ఒకటి కావాలి. తను 52 కిలోలు, చలికి అస్సలు తట్టుకోలేదు.

ఆన్‌లైన్‌లో 1,499కే "మైనస్ 10" అని రాసినవి కనిపిస్తున్నాయి. హాలో ఫైబర్, బరువు 1.1 కిలోలు. అదే మైనస్ 10 అంకె ఉన్న డౌన్ బ్యాగ్ (బాతు మెత్తటి ఈకలు నింపినది) పద్దెనిమిది వేలు. ఇంత తేడా ఎందుకు?

గ్రాములలెక్క రాశారు:

ఆ 1,499 బ్యాగ్ లెక్క ఒకసారి కట్టి చూడండి, ఎవర్నీ అడగక్కర్లేదు. మనిషి పట్టే మమ్మీ బ్యాగ్‌కి (భుజాల దగ్గర వెడల్పుగా, పాదాల దగ్గర సన్నగా ఉండేది) పైనా కిందా కలిపి సుమారు 3 చదరపు మీటర్ల వైశాల్యం. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) ఫైబర్ ఒక్క పొర వేస్తే 600 గ్రాములు. పై గుడ్డ, లోపలి గుడ్డ, జిప్పు, తాళ్లు, సంచి కలిపి ఇంకో 450, 500. మొత్తం 1.1 కిలోలు వచ్చేసింది. అంటే లోపల ఉన్నది ఒకే పొర. అది 12, 13 డిగ్రీల రాత్రికి బాగుంటుంది. మైనస్ 10 అన్నది అమ్మేవాడి ధైర్యం.

నమ్మదగిన బ్యాగ్ మీద ల్యాబ్ పరీక్ష ప్రమాణం పేరు, ఐఎస్ఓ 23537 అని గానీ, పాతదైతే ఈఎన్ 13537 అని గానీ ఉంటుంది. ఒక్క అంకె కాదు, మూడు అంకెలు వేస్తారు. కంఫర్ట్ అంటే చలికి త్వరగా వణికే మనిషి (ప్రమాణంలో ఒక స్త్రీ శరీరాన్ని లెక్కలోకి తీసుకుంటారు) వెల్లకిలా ఒళ్లు వదిలేసి నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని, ఎలాగోలా రాత్రి గడిపే ఉష్ణోగ్రత. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటలు ప్రాణం నిలబడితే చాలు అనే అంకె. ఆ మూడోదాన్ని అట్ట మీద పెద్ద అక్షరాలతో వేసి అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. కంఫర్ట్ అంకె ఒక్కటే చూసి కొనండి. మిగతా రెండూ మీకు అక్కర్లేదు.

రెయినీర్_వైపు (సియాటిల్) రాశారు:

దీనికి ఇంకోటి కలపాలి. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చే బ్యాగ్ మీద "20" అని ఉంటే అది ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 7. "0 డిగ్రీ బ్యాగ్" అంటే మైనస్ 18, పెద్ద డౌన్ గుట్ట, లంబసింగిలో దాంట్లో దూరితే చెమటతో తడుస్తారు. పైగా ఇక్కడి కంపెనీలు మగవాళ్ల బ్యాగ్‌కి పేరు పెట్టేటప్పుడు చాలావరకు లిమిట్ అంకెనే వాడతాయి, ఆడవాళ్ల బ్యాగ్‌కి కంఫర్ట్ అంకె. అందుకే మగవాళ్ల "20" బ్యాగ్ కంఫర్ట్ తీరా చూస్తే మైనస్ 1 దగ్గర ఉంటుంది. లోపలి లేబుల్ ఫోటో తెప్పించుకుని చూశాకే తెమ్మనండి.

చలిమంట రాశారు:

ఆవిడ గురించి "తర్వాత చూద్దాం" అనకండి అన్నయ్యగారూ, లెక్క మొదలుపెట్టాల్సింది తన దగ్గరే. చలికి తట్టుకోలేని వాళ్లకి కంఫర్ట్ అంకె మీద కూడా ఇంకో 3 నుంచి 5 డిగ్రీలు వెసులుబాటు ఉంచాలి. లంబసింగిలో చలి బాగా పడితే 3, 4 డిగ్రీలకి దిగుతుంది కాబట్టి తనకి కంఫర్ట్ 0 ఉన్న బ్యాగ్ కావాలి. మీకు కంఫర్ట్ 5 అయినా నడిచిపోతుంది.

పొడవు కూడా చూసుకోండి. తనకి రెగ్యులర్ సైజు (183 సెంటీమీటర్ల మనిషికి కుట్టినది) కొంటే పాదాల కింద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో గాలిని వేడెక్కించాల్సింది తన పాదాలే. చిన్న సైజు దొరకకపోతే మర్నాటి బట్టలు ఆ అడుగున కూరేయండి. ఖాళీ తగ్గుతుంది, పొద్దున్న బట్టలూ వెచ్చగా ఉంటాయి.

పొగమంచు (పాడేరు) రాశారు:

అంకెల దగ్గరే ఆగిపోతున్నారు అందరూ. మా వైపు రాత్రులు చలి కంటే తడి ఎక్కువ. లంబసింగి వేయి మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబర్‌లో తెల్లారుజామున మంచు దిగితే టెంటు బయట లోపల రెండువైపులా నీళ్లు కారతాయి. ఇద్దరు పడుకున్న టెంటులో ఊపిరి ఆవిరి ఒక్కటే చాలు, గోడలు తడిసిపోతాయి. పొడుగు మనిషి కాళ్లు టెంటు గోడకి తగిలే చోట బ్యాగ్ అడుగు తడిసి ముద్దవుతుంది. జనం "బ్యాగ్ చలి ఆపట్లేదు" అనేది చాలావరకు దీని వల్లే.

ఏం చేయాలంటే: టెంటుకి పైన, కింద రెండు చోట్లా గాలి కిటికీలు తెరిచే ఉంచాలి, చలి వేస్తోందని మూయకూడదు. వాగు పక్కన, గడ్డి పల్లంలో కాకుండా 10, 15 మీటర్లు ఎత్తున, చెట్టు కింద వేయాలి. చల్లగాలి పల్లంలోకి దిగి అక్కడే నిలుస్తుంది, మంచు కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. కాళ్ల దగ్గర బ్యాగ్ మీద రెయిన్ జాకెట్ కప్పండి. మూతి బ్యాగ్ బయటే ఉండాలి, లోపల ఊపిరి వదిలితే ఆ తడంతా ఫిల్లింగ్‌లోకి పోతుంది. ఎండ వచ్చేసరికి 8, 9 అవుతుంది. అప్పుడు బ్యాగ్ తిరగేసి తాడు మీద ఒక గంట వేశాకే మడవండి.

కొత్తబాట రాశారు:

థాంక్సండీ. అయితే తడి ఉన్నచోట డౌన్ వద్దా? సింథటిక్ తీసుకోమంటారా?

గ్రాములలెక్క రాశారు:

డౌన్ తడిస్తే ముద్దకట్టి ఉబ్బు పోతుంది, నిజమే. కానీ ఒక్క రాత్రి టెంటు చెమటకి ఏ డౌన్ బ్యాగూ చచ్చిపోదు. నీటిని వికర్షించే పూత వేసిన డౌన్ అయితే ఇంకా నయం. వరసగా నాలుగైదు రాత్రులు ఎండ చూపించకుండా వాడినప్పుడే అసలు ఇబ్బంది.

డౌన్ కొనేటప్పుడు ఫిల్ పవర్ ఒక్కటే చూసి మోసపోకండి. 800 ఫిల్ అంటే ఆ ఈకకి ఉబ్బే గుణం ఎక్కువ అని మాత్రమే. లోపల ఎన్ని గ్రాములు పోశారన్నది వేరే లెక్క. కంఫర్ట్ 0 దగ్గర బ్యాగ్‌కి 800 ఫిల్ అయితే 400 నుంచి 450 గ్రాములు, 650 ఫిల్ అయితే 550 నుంచి 600 గ్రాములు ఉండాలి. "800 ఫిల్" అని గొప్పగా రాసి 250 గ్రాములు పోస్తే అది వేసవి బ్యాగే. గ్రాములు రాయని కంపెనీ జోలికి పోవద్దు.

కుట్టు కూడా చూడండి. పై గుడ్డనీ లోపలి గుడ్డనీ కలిపి ఒకే కుట్టు వేస్తే, ఆ గీత పొడవునా ఫిల్లింగ్ మందం సున్నా. షాపులో బ్యాగ్‌ని ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుంటే గీతలు గీతలుగా వెలుతురు కనిపిస్తుంది, చలి కూడా అక్కడే దూరుతుంది. 5 డిగ్రీల వరకూ ఫర్వాలేదు. సున్నా కిందికి వెళ్లేదానికి రెండు గుడ్డల మధ్య జాలీ గోడలు కట్టిన బాక్స్ బాఫిల్ ఉండాలి.

గొంగడి_భుజాన (మహబూబ్‌నగర్) రాశారు:

అన్నలూ, పదివేల బడ్జెట్‌ల ఇద్దరికీ డౌన్ ఎక్కడ వస్తది? ఊరికే ఆశ పెట్టకుర్రి. సింథటిక్ కంఫర్ట్ 0 బ్యాగ్ 1.8 కిలోలు ఉంటది, డౌన్‌ది కిలో, కిలోంబావు. 700 గ్రాముల బరువు మిగులుద్దని డబల్ పైసలు పెట్టాల్నా? కారు ఆపిన జాగ నుంచి రెండు కిలోమీటర్లు నడిచేటోనికి ఆ లెక్క అక్కర్లేదు.

ఇంకోటి, నిప్పు కాడ పండేటోళ్లు నైలాన్‌కి దూరం ఉండాలె. ఒక్క నిప్పురవ్వ పడ్తే 20 డెనియర్ పల్చటి గుడ్డకి కన్నం పడ్తది, సింథటిక్ ఫిల్లింగ్ కరిగి గడ్డకడ్తది. ఉన్ని గొంగడి కరగదు, రవ్వ పడ్డ జాగ నల్లగ మాడి ఆరిపోతది. గొంగడి బరువు రెండు కిలోల పైనే, తడిస్తే ఇంకా ఎక్కువ, అది ఒప్పుకుంటా. బుష్‌క్రాఫ్ట్ తరీకాల (అడవిల తక్కువ సామాన్‌తోని గడిపే తీరు) పోయేటోళ్లకి నేను చెప్పే సెట్: కింద తాటిపత్రి, దాని మీద ఫోమ్ మ్యాట్, కంఫర్ట్ 10 సింథటిక్ బ్యాగ్, పైన గొంగడి. రవ్వలు గొంగడి మీద పడ్తయి, బ్యాగ్ బతుకుతది. మంటకి బ్యాగ్‌కి మధ్య కనీసం మూడు మీటర్లు ఉండాలె, గాలి మంట దిక్కు నుంచి మీ దిక్కు రావొద్దు.

నల్లమల దిక్కు పోయేటోళ్లకి ఒక మాట: రిజర్వు ఫారెస్టుల నిప్పు పెడ్తే కేసు. అమ్రాబాద్ టైగర్ రిజర్వుల పర్మిషన్ లేకుండ రాత్రి ఉండుడే తప్పు. మంట ముచ్చట పట్టా భూమిల, అడిగి పెట్టుకునే జాగల మాత్రమే.

గ్రాములలెక్క రాశారు:

గొంగడి అన్నా, కేదార్‌కంఠ మంచులో మూడు కిలోల గొంగడి ఎవరు మోస్తారు? :) మంట విషయంలో మాత్రం మీ మాటకి ఎదురు లేదు.

గొంగడి_భుజాన రాశారు:

మంచుకి మోయమని ఎవరన్నరు తమ్మీ, లంబసింగి ముచ్చట చెప్తున్న.

చలిమంట రాశారు:

మ్యాట్ సంగతి గొంగడి అన్న ఒక్క ముక్కలో దాటేశారు, అసలు సగం సమస్య అక్కడే ఉంది. బ్యాగ్ కింది సగం మన ఒంటి బరువుకి నలిగి చదునైపోతుంది. డౌన్ అయినా ఫైబర్ అయినా నలిగితే వేడి ఆపదు. వీపు కింద చలిని ఆపేది మ్యాట్ ఒక్కటే. ల్యాబ్‌లో కంఫర్ట్ అంకె తీసేటప్పుడు మనిషి బొమ్మ కింద ఆర్ వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4కు పైన ఉన్న మ్యాట్ ఉంటుంది. మనం 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్ (ఆర్ వాల్యూ 1 కూడా ఉండదు) వేసుకుని బ్యాగ్‌ని తిడితే ఎలా?

మడతపెట్టే గుడ్లట్ట లాంటి ఫోమ్ మ్యాట్‌కి ఆర్ వాల్యూ 2 ఉంటుంది. లంబసింగికి అది చాలు. మంచు మీద పడుకోవాలంటే 4, 5 కావాలి. ఆర్ వాల్యూలు కూడుకుంటాయి: 2 ఉన్న ఫోమ్ మీద 2.5 ఉన్న గాలి మ్యాట్ వేస్తే 4.5. ఫోమ్ కింద ఉంటే ముల్లు గుచ్చుకుని గాలి మ్యాట్ పంక్చరయ్యే భయమూ తగ్గుతుంది. మామూలు గాలి పరుపుతో మాత్రం జాగ్రత్త. లోపల ఇన్సులేషన్ లేకపోతే గాలి లోపల తిరుగుతూ ఒంట్లో వేడిని నేలకి మోస్తుంది. అట్ట మీద ఆర్ వాల్యూ రాయలేదంటే లేదనే అనుకోండి.

8,000లో నేనైతే 2,000 మ్యాట్‌కి పక్కన పెట్టాకే బ్యాగ్ చూస్తాను.

కొత్తబాట రాశారు:

ఇది నాకు అస్సలు తట్టలేదండీ. మరి కేదార్‌కంఠకి ఏం చేయమంటారు? దానికోసం మైనస్ 10 బ్యాగ్ కొనాలా?

రెయినీర్_వైపు రాశారు:

కొనక్కర్లేదు. ట్రెక్ కంపెనీతో వెళ్తే టెంటు, మ్యాట్, స్లీపింగ్ బ్యాగ్ వాళ్లే ఇస్తారు. సొంతంగా వెళ్తే ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి. అద్దె బ్యాగ్ తీసుకునే ముందు మూడు చూడండి. నేల మీద పరిచి దులిపి అరగంట వదిలేయండి, మొత్తం ఉబ్బు జానెడు కంటే బాగా తక్కువ ఉంటే పక్కన పెట్టండి. లోపలికి చెయ్యి పెట్టి ఛాతీ, పాదాల భాగం తడమండి, ఫిల్లింగ్ ఒక మూలకి జారిపోయి ఖాళీలు తగులుతాయేమో. జిప్పు రెండుసార్లు పూర్తిగా పైకీ కిందికీ లాగండి. ఎందరో పడుకున్నది కాబట్టి మీ లైనర్ (బ్యాగ్ లోపల వేసుకునే పల్చటి గుడ్డ సంచి) మీరు తీసుకెళ్లండి.

లైనర్ వేస్తే పది డిగ్రీలు పెరుగుతుందని రాస్తారు, నమ్మకండి. సిల్క్‌ది 2 డిగ్రీలు, ఫ్లీస్‌ది 4, 5 డిగ్రీలు. అంతే. ఫ్లీస్ లైనర్ 500 గ్రాముల పైనే ఉంటుంది.

మీ సొంత బ్యాగే వాడాలంటే ఒకదాని మీద ఒకటి వేసే లెక్క ఉంది. పైన వేసే బ్యాగ్ అంకెని 21లోంచి తీసేసి సగం చేయండి. ఆ సగాన్ని లోపలి బ్యాగ్ అంకెలోంచి తీసేయండి. ఉదాహరణకి లోపల కంఫర్ట్ 0, పైన కంఫర్ట్ 10. 21లో 10 పోతే 11, సగం 5.5. రెండూ కలిపి మైనస్ 5 దాకా వస్తుంది. ఉజ్జాయింపు లెక్కే కానీ బాగానే పనిచేస్తుంది. షరతు ఒక్కటే: పైది వెడల్పుగా ఉండాలి. ఇరుకైతే లోపలిదాన్ని నొక్కేస్తుంది, కష్టమంతా వృథా. పైది సింథటిక్ అయితే మంచిది, ఒంట్లోంచి వచ్చే ఆవిరి చల్లబడి నీరయ్యేది పై పొరలోనే, డౌన్ పొడిగా మిగులుతుంది.

పొగమంచు రాశారు:

కేదార్‌కంఠ బేస్ క్యాంపు పదకొండు వేల అడుగుల పైన, శిఖరం 12,500. జనవరి రాత్రి మైనస్ 5 నుంచి మైనస్ 10 మధ్య ఉంటుంది. మైనస్ 5 సెట్‌తో కొత్తబాట గారు డౌన్ జాకెట్ వేసుకుని గట్టెక్కుతారు. ఆవిడకి మాత్రం అక్కడ అద్దె బ్యాగే మేలు.

జాకెట్ వేసుకుని పడుకోవచ్చా అని అడిగేలోపే చెప్తున్నా: వేసుకోవచ్చు, బ్యాగ్‌లో చోటుంటేనే. లోపల ఉబ్బు నలిగేంత బిగుతైతే జాకెట్ విప్పి ఛాతీ మీద కప్పుకోండి. నడిచొచ్చిన సాక్సులతో మాత్రం దూరొద్దు, తడి సాక్సు పాదాన్ని తెల్లార్లూ చల్లబరుస్తుంది. నిద్రకి ఒక ఉన్ని జత విడిగా, పొడిగా ఉండాలి. పడుకునే ముందు స్టీలు సీసాలో (ఒంటి పొరది, ఫ్లాస్కు కాదు) వేడినీళ్లు పోసి, మూత బిగించి తలకిందులు చేసి కారట్లేదని చూసి, సాక్సులో దూర్చి తొడల మధ్య పెట్టుకోండి. నీళ్లు కొన్న పల్చటి ప్లాస్టిక్ సీసాలు వేడికి మెత్తబడి మూత దగ్గర వదిలేస్తాయి. చలితో వణుకుతూ బ్యాగ్‌లోకి వెళ్లొద్దు. బ్యాగ్ వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు. ఇరవై గుంజీళ్లు తీసి వెళ్లండి.

కుట్టుమిషన్ (రాజమహేంద్రవరం) రాశారు:

కొనే మాట అయిపోయింది కాబట్టి కొన్నాక పాడుచేసుకునే పద్ధతులు చెప్తాను, నా దగ్గరికి రిపేరుకి వచ్చేవన్నీ ఇవే రకం.

ఒకటి, వచ్చిన చిన్న సంచిలోనే కుక్కి అటక మీద పడేయడం. ఆరు నెలలు నొక్కి ఉంచితే ఫైబర్ మళ్లీ లేవదు, డౌన్ కూడా బద్ధకిస్తుంది. పాత కాటన్ చీరతో 100 లీటర్ల పట్టు ఉండేలా పెద్ద సంచి కుట్టించి అందులో వదులుగా వేలాడదీయండి. పాలిథిన్ కవర్‌లో వద్దు. కోస్తా జిల్లాల్లో శ్రావణం, భాద్రపదం వచ్చేసరికి బూజు పడుతుంది. వాన లేని రోజు చూసి నెలకోసారి ఫ్యాను కింద పరవండి.

రెండు, ఉతకడం. మధ్యలో తిరిగే కంబం ఉన్న టాప్ లోడ్ మెషిన్‌లో వేస్తే లోపలి జాలీ గోడలు చిరుగుతాయి, ఫిల్లింగ్ అంతా ఒక పక్కకి చేరుతుంది. ఆ రిపేరు బ్యాగ్ ఖరీదంత అవుతుంది. టబ్బులో గోరువెచ్చని నీళ్లు, డౌన్‌కి దాని సబ్బే (మామూలు పౌడర్ ఈకలోని నూనెని లాగేస్తుంది), బట్టల్ని మెత్తబరిచే ద్రవాలు అస్సలు వద్దు. కాళ్లతో మెల్లగా తొక్కి, నాలుగైదు సార్లు నీళ్లు మార్చండి. తీసేటప్పుడు ఒక కొస పట్టి లాగారంటే నీటి బరువుకి లోపలి జాలీ పుటుక్కున తెగుతుంది. రెండు చేతులూ కిందికి పెట్టి, పసిపిల్లని తీసినట్టు మొత్తం ఒకేసారి ఎత్తాలి. డ్రైయర్ ఉంటే తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి మూడు నుంచి ఐదు గంటలు. లేకపోతే ఏప్రిల్, మే నెలల్లోనే ఉతకండి, నీడలో వల మంచం మీద పరిచి రెండు మూడు రోజులు, రెండేసి గంటలకి గడ్డలు వేళ్లతో విడదీస్తూ. పైన పొడిగా అనిపించినా లోపల చెమ్మ ఉంటే వాసన పట్టేస్తుంది. గడ్డలు ఒక్కటీ తగలకపోతేనే ఆరినట్టు.

ఈక బయటికి పొడుచుకొస్తే పైకి లాగకండి, దాని వెనక ఇంకో నాలుగు వస్తాయి, కన్నం పెద్దదవుతుంది. లోపలి వైపు నుంచి గుడ్డతో పాటు పట్టుకుని వెనక్కి లాగేయండి. చిరుగు పడితే నైలాన్ రిపేరు టేపు, మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించాలి. చదరంగా ఉన్న మూల రెండో రోజే లేస్తుంది.

కొత్తబాట రాశారు:

చాలా చాలా థాంక్స్ అందరికీ. ఇలా అనుకుంటున్నాను: ఇద్దరికీ ఆర్ వాల్యూ 2 ఫోమ్ మ్యాట్‌లు, తనకి కంఫర్ట్ 0 సింథటిక్, నాకు కంఫర్ట్ 5. ఇంట్లో పాత కంఫర్ట్ 15 వెడల్పు బ్యాగ్ ఒకటుంది, అది పైన వేయడానికి. కేదార్‌కంఠకి అద్దె. చివరి ప్రశ్న, రెండు బ్యాగులూ జిప్పుతో కలిపేయవచ్చా? పక్కకి తిరిగి పడుకునే నాకు భుజం దగ్గర ఎంత వెడల్పు చూడాలి?

గ్రాములలెక్క రాశారు:

భుజం చుట్టుకొలత మీ ఒడ్డూ పొడుగుకి 150 సెంటీమీటర్లు కనీసం, పక్కకి తిరిగేవారు కాబట్టి 160 చూడండి. షాపులో బూట్లు విప్పి దూరి, జిప్పు మూసి, పక్కకి తిరిగి మోకాలు ముడవండి. మోచెయ్యో మోకాలో గుడ్డని బిగబట్టి నెడితే అది ఇరుకు, ఆ చోటే చలి తగులుతుంది. మీ 5 మీద పాత 15 వేస్తే 2 దాకా వస్తుంది, లంబసింగికి సరిపోయింది.

చలిమంట రాశారు:

జిప్పులు కలవాలంటే ఒకే కంపెనీ, ఒకే వరస మోడల్ కొనండి. ఒకటి ఎడమ జిప్పు, ఒకటి కుడి జిప్పు ఉండాలి. వెల్లకిలా పడుకున్నప్పుడు మీ ఎడమ చేతి వైపు ఉంటే ఎడమ జిప్పు. రెండూ ఎడమవే కొంటే ఒకరి హుడ్ బోర్లా పడుతుంది. కలిపాక ఇద్దరి మెడల మధ్య ఖాళీలోంచి వెచ్చదనం పోతూనే ఉంటుంది, అక్కడ ఒక శాలువా దూర్చండి. చలి 5 కిందికి పోయే రాత్రి విడివిడిగానే పడుకోండి. కింద నుంచి కూడా తెరుచుకునే రెండు లాగుళ్ల జిప్పు ఉంటే తీసుకోండి, అర్ధరాత్రి కాళ్లకి ఉక్కపోస్తే పైన చలి తగలకుండా కింద జానెడు తీసుకోవచ్చు.